గేజి పుస్తకంలో ఖాళీ గడి

ధవళేశ్వరం బ్యారేజీ దగ్గర గోదావరి నీటిమట్టం 11.75 అడుగులకు చేరితే మొదటి ప్రమాద హెచ్చరిక, 13.75కు రెండోది, 17.75కు మూడోది. ఆ మట్టాల దగ్గర సుమారు 10 లక్షలు, 13 లక్షలు, 17 లక్షల క్యూసెక్కులు కిందికి పోతున్నట్టు లెక్క. లంక గ్రామాల వాళ్లు పశువుల్ని ఎప్పుడు గట్టెక్కించాలో, పడవ ఎప్పుడు సిద్ధం చేసుకోవాలో ఈ అంకెలు వినే తేల్చుకుంటారు. ఇవాళ్టి అంకె భయపడాల్సినదో కాదో చెప్పగలిగేది మాత్రం ఏళ్ల తరబడి రోజూ, వరదొస్తే గంటగంటకీ, గేజి చూసి రాసిన పాత రీడింగుల వరుస. కాలక్రమంలో పేర్చిన అలాంటి వరుసను గణాంకశాస్త్రంలో కాలశ్రేణి అంటారు.

ఆ వరుస ఎక్కడా నిండుగా ఉండదు. గేజి చదివే లస్కరుకు జ్వరం వచ్చి ఉండొచ్చు. ఆటోమేటిక్ పరికరంలో బ్యాటరీ అయిపోయి ఉండొచ్చు. గాలివానకు టవరు పడిపోయి రీడింగు చేరకపోయి ఉండొచ్చు. పాత రిజిస్టరుకు చెద పట్టి ఉండొచ్చు. కంప్యూటర్లో ఎక్కించేటప్పుడు ఆ ఖాళీ గడి కంట్లో నలుసులా ఉంటుంది. అందుకని కొందరు సున్నా పెడతారు, కొందరు నిన్నటి అంకెనే కిందికి లాగుతారు, ఇంకొందరు అటూఇటూ రోజుల సగటు తీసి నింపుతారు. పట్టిక నిండాక ఏది చూసి రాసిందో, ఏది ఊహించి రాసిందో తెలిసే దారి పోతుంది. ఆ పైన వేసే ప్రతి లెక్కా ఊహను కూడా కొలత కిందే జమకడుతుంది. నిజానికి గడి నింపకుండానే అంచనా వేసే పద్ధతులు వచ్చి 40 ఏళ్లు దాటింది. అవి మన దగ్గర అడిగేవి రెండే: ఖాళీని ఖాళీగా వదిలెయ్యడం, అది ఎందుకు ఖాళీ అయిందో పక్కన రాయడం. రెండోది మొదటిదానికంటే ముఖ్యం.

ముందు వాన లెక్క చూద్దాం, ఎందుకంటే ఖాళీకీ సున్నాకీ తేడా అక్కడే ఎక్కువగా చెరిగిపోతుంది. వాతావరణ శాఖ లెక్కలో వాన రోజు ఉదయం 8.30తో ముగుస్తుంది. కాకినాడ, నరసాపురం లాంటి కేంద్రాల్లో ఆ వేళకు చూసి రాసినది గడచిన 24 గంటల వాన. ఎక్కడో ఒక మండల కేంద్రంలో ఆదివారం, సోమవారం ఎవరూ చూడలేదనుకుందాం. మంగళవారం ఉదయం వానమాపకంలో 96 మిల్లీమీటర్లు ఉన్నాయి. అది మూడు రోజుల నీరు. దాన్ని మంగళవారం ఖాతాలో వేస్తే ఆ ఊళ్లో భారీ వర్షం నమోదైనట్టే, ఎందుకంటే 64.5 మిల్లీమీటర్లు దాటితే భారీ వర్షమని వాతావరణ శాఖ వర్గీకరణ. మూడు రోజులకు 32 చొప్పున పంచితే అసలు భారీ వర్షమే లేకుండా పోతుంది. పైగా వాన పడని రోజు కూడా తడిసిన రోజవుతుంది. మనకు నిజంగా తెలిసింది ఒక్కటే: మూడింటి మొత్తం 96. అంచనాలు కట్టే గణిత నమూనాకు, అంటే మోడల్‌కు, ఆ మొత్తాన్నే ఒక పరిశీలనగా ఇవ్వొచ్చు. ఆ మూడు గడులూ ఖాళీగానే ఉంటాయి, వాటి మొత్తం మాత్రం బిగించి ఉంటుంది. పంపకం ఎలా జరిగి ఉంటుందో పక్క ఊళ్ల రీడింగులు చెప్పినంత మేరకు చెబుతాయి, మిగతాది అనిశ్చితిగానే మిగులుతుంది.

కాలువల సంగతి దీనికి తలకిందులు. దాళ్వా కోతకొచ్చాక, ఎండాకాలంలో మరమ్మతుల కోసం డెల్టా కాలువలు కట్టేస్తారు. అప్పటి సున్నా నిజమైన సున్నా. దాన్ని ‘రీడింగు లేదు’ అని తీసేసి మిగిలిన నెలలకు సగటు కడితే కాలువ ఏడాదంతా పారినట్టు కనిపిస్తుంది.

ఖాళీలన్నీ ఒకటి కావని 1976లో గణాంకశాస్త్రవేత్త డొనాల్డ్ రూబిన్ ఒక వ్యాసంలో పద్ధతిగా చూపించాడు. ఆ ఆలోచన నుంచి వచ్చిన మూడు తరగతుల విభజనే ఇప్పటికీ ఈ రంగానికి పునాది. లస్కరుకు జ్వరం రావడానికీ ఆ రోజు గోదావరి మట్టానికీ సంబంధం లేదు. ఇది పూర్తిగా యాదృచ్ఛికమైన ఖాళీ. రెండో రకంలో సంబంధం ఉంటుంది గానీ, అది మన చేతిలో ఉన్న వేరే సమాచారం ద్వారానే ఉంటుంది. తుఫాను హెచ్చరిక ఉన్న రోజుల్లో రీడింగులు ఎక్కువగా పోతాయనుకుందాం. ఏ రోజున హెచ్చరిక ఉందో మనకు తెలుసు. ఆ విషయం లెక్కలోకి తీసుకున్నాక, పోవడానికీ పోయిన అంకెకూ వేరే ముడి లేకపోతే ఆ ఖాళీ ప్రమాదకరం కాదు. మూడో రకంలో ఆ అంకె అంతగా ఉండబట్టే అది పోయింది. నీరు గేజి రాయిని ముంచేసింది, లేదా రాయినే పడగొట్టింది. డెల్టాలో మనుషుల ప్రాణాలతో ముడిపడ్డ ఖాళీలు చాలావరకు ఈ మూడో రకానివే. ఏ ఖాళీ ఏ తరగతిదో మిగిలిన అంకెల్ని ఎంత తిప్పి చూసినా తేలదు. అది తెలిసేది గట్టు మీద ఉన్న మనిషికే.

మొదటి రెండు రకాల్లో కూడా గడి నింపితే ఏమవుతుందో చిన్న లెక్కతో చూడొచ్చు. ఒక కాలువ మట్టం తన సగటు నుంచి ఎంత తొలగి ఉందో రోజూ రాస్తున్నాం. ఇవాళ్టి తొలగింపు అంటే నిన్నటి దానిలో 0.9 వంతు, దానికి ఒక కొత్త కుదుపు కలిపినది. కుదుపు ప్రామాణిక విచలనం, అంటే అది మామూలుగా అటూఇటూ ఎంత చెదురుతుందో చెప్పే కొలత, 1 అనుకుందాం. నిన్నటి విలువ నుంచి ఇవాళ్టిది కట్టే ఇలాంటి వాటిని ఆటోరిగ్రెషన్ మోడల్ అంటారు, ఇది వాటిలో అన్నిటికంటే సులువైనది. ఆ 0.9ను గుణకం అందాం. మధ్యలో ఒక్క రోజు పోతే ఆ రోజుకు ఉత్తమ అంచనా: గుణకాన్ని, ఒకటికి గుణకపు వర్గం కలిపిన మొత్తంతో భాగించి, వచ్చినదాన్ని ముందురోజు, మరుసటిరోజు విలువల మొత్తంతో గుణించాలి. 0.9కి అది 0.497. అంటే రెండు రోజుల సగటుకు దాదాపు సమానం, గీత గీసి నింపినా పెద్ద నష్టం లేదు. గుణకం 0.5 అయితే అదే 0.4కు దిగుతుంది. అప్పుడు సరైన అంచనా పక్కరోజుల సగటులో 0.8 వంతే, మిగిలినది శ్రేణి సగటు వైపు లాగుతుంది. గుణకం సున్నా అయితే పక్కరోజులు ఏమీ చెప్పవు. అంటే అటూఇటూ సగటు తీసి నింపేవాళ్లు తెలియకుండానే ఆ శ్రేణికి ఒక స్వభావం అంటగడుతున్నారు.

గుణకం 0.9 అయితే, ఒక్క రోజు ఖాళీకి ఆ అంచనాలో ప్రామాణిక దోషం, అంటే అంచనా మామూలుగా తప్పే మేర, 0.74. తొమ్మిది రోజులు వరసగా పోతే, 0.9 గుణకంతోనే, నడిమి రోజుకు దోషం 1.59 అవుతుంది. అసలు ఏ రీడింగూ లేకుండా ఊరికే సగటు చెప్పేస్తే ఉండే దోషం 2.29. పట్టికలో నింపిన అంకెకు ఈ 0.74 గానీ, 1.59 గానీ పక్కన ఉండదు. కొలిచిన అంకెలాగే దోషం లేనట్టు కూర్చుంటుంది. ఇంకా లోతైన చిక్కు ఏమిటంటే, గీత గీసి నింపిన రోజుల్లో కుదుపులు ఉండవు. నింపిన శ్రేణి నుంచి గుణకాన్ని మళ్లీ అంచనా వేస్తే అది ఉన్నదానికంటే ఎక్కువొస్తుంది, కుదుపు తక్కువొస్తుంది. శ్రేణి సగటుతో నింపితే దానికి విరుద్ధంగా గుణకం పడిపోతుంది. ఖాళీ రోజుల్ని తీసేసి మిగిలినవి దగ్గరకు జరిపితే, రెండు రోజుల దూరంలో ఉన్నవి పక్కపక్క రోజులుగా లెక్కలోకి వస్తాయి. వాటి మధ్య సహసంబంధం, అంటే ఒకదాన్ని బట్టి రెండోది నడిచే మేర, 0.9 కాదు, 0.81. మూడు దారులూ తప్పుదారులే, ఒక్కోటి ఒక్కో వైపుకు.

గడిని ముట్టుకోకుండా అంచనా వేసే దారి 1960లో రుడాల్ఫ్ కాల్మన్ ఇచ్చిన వడపోత (ఫిల్టర్) అనే లెక్క పద్ధతిలో ఉంది. అది ప్రతి రోజూ రెండు పనులు చేస్తుంది. నిన్నటిదాకా తెలిసినదాంతో ఇవాళ్టికి ఒక ముందస్తు అంచనా, దానికి ఒక దోషం లెక్కకడుతుంది. రీడింగు వచ్చాక ఆ తేడాను బట్టి అంచనాను దిద్దుకుంటుంది. రీడింగు రాని రోజున రెండో పని ఆపేస్తుంది, అంతే. అంచనా ముందుకు సాగుతుంది, దోషం పెరుగుతూ పోతుంది, మళ్లీ రీడింగు దొరికిన రోజున ఒక్కసారిగా తగ్గుతుంది. 1980లో రిచర్డ్ జోన్స్ ఇదే యంత్రాంగంతో, ఖాళీలున్న కాలశ్రేణికి గరిష్ఠ సంభావ్యతా అంచనాలు, అంటే చేతికొచ్చిన రీడింగులు రావడానికి అన్నిటికంటే ఎక్కువ అవకాశమిచ్చే గుణకాలు, ఎలా కట్టాలో చూపించాడు. రీడింగు వచ్చిన రోజుల ముందస్తు దోషాలు మాత్రమే సంభావ్యతలో చేరతాయి, రాని రోజులు చేరవు. గతాన్ని వెనక్కి చూసి దిద్దడానికి, అంటే ఖాళీ తర్వాత వచ్చిన రీడింగుల్ని కూడా వాడుకోవడానికి, ఇదే లెక్కను చివరి రోజు నుంచి మొదటి రోజు వైపు నడిపే సవరణ ఒకటి ఉంది. పైన చెప్పిన 0.74, 1.59 అలా వచ్చే అంకెలే.

1977లో డెంప్‌స్టర్, లెయిర్డ్, రూబిన్ ముగ్గురూ కలిసి ప్రకటించిన ఈఎం (ఎక్స్‌పెక్టేషన్-మాగ్జిమైజేషన్) పద్ధతిని, అంటే ఆశించే విలువలు కట్టి గుణకాల్ని దిద్దుకోవడాన్ని చుట్లు చుట్లుగా చేసే పద్ధతిని, కూడా ఇక్కడ వాడతారు. కాలశ్రేణికి దాన్ని 1982లో షమ్‌వే, స్టాఫర్ అన్వయించారు. దాని గురించి ఒక అపోహ బాగా పాకింది. ఖాళీలు నింపి, అంచనా వేసి, మళ్లీ నింపి, మళ్లీ అంచనా వేయడమే ఈఎం అని చాలామంది చెబుతారు. అలా చేస్తే కుదుపు పరిమాణం తక్కువగానే వస్తుంది. ఈఎం ఖాళీ విలువతో పాటు దాని వర్గానికీ, పక్కరోజుతో దాని లబ్ధానికీ కూడా ఆశించే విలువ కడుతుంది. అంటే ఖాళీలోని దోషం ప్రతి చుట్టులోనూ లెక్కలో కలుస్తుంది. ఆ దోషాన్ని వదిలేసిన ప్రోగ్రాము ఈఎం పేరు పెట్టుకున్నా ఈఎం కాదు.

ఖాళీల వల్ల నష్టపోయేది ఎంత అన్నదానికీ కొలత ఉంది. ఆంధ్ర విశ్వవిద్యాలయంలో గణితం చదివిన సి.ఆర్. రావు 1945లో చూపిన హద్దు ప్రకారం, నిష్పాక్షికమైన, అంటే సగటున ఏ వైపుకూ తూగని, ఏ అంచనాకైనా దోషం ఒక స్థాయికంటే తగ్గదు. ఆ స్థాయిని నిర్ణయించేది దత్తాంశంలో ఉన్న సమాచార పరిమాణం. ఖాళీలున్నప్పుడు మన దగ్గరున్న సమాచారం అంటే నిండు శ్రేణి సమాచారంలోంచి పోయినదాన్ని తీసేసిన మిగులు. నూటికి పది రోజులు పోతే పది శాతం సమాచారం పోయిందని కాదు. గుణకం పెద్దదైతే చెదురుమదురుగా పోయిన పది రోజులు సగటును అంచనా వేయడంలో తెచ్చే నష్టం చాలా తక్కువ, ఎందుకంటే పోయిన రోజు గురించి పక్కరోజులే చాలావరకు చెప్పేస్తాయి. అవే పది రోజులు ఆగస్టులో ఒక్కచోట పోతే, వరద గురించిన సమాచారమే పోతుంది.

చెదురుగా పోవడం మేలన్నది దిగువ డెల్టాలో ఇంకో విధంగానూ నిజం. యానాం దిగువన గౌతమిలో నీటిమట్టం ఆటుపోట్లతో లేస్తుంది, పడుతుంది. ప్రధానమైన చంద్ర పోటు ఆవర్తనం 12 గంటల 25 నిమిషాలు. అక్కడ రోజూ ఉదయం 8.30కే గేజి చూస్తే, పోటు రోజుకు 50 నిమిషాలు వెనక్కి జరుగుతుంది కాబట్టి ప్రతి రోజూ పోటులో వేరే దశ చేతికొస్తుంది. సుమారు 14.77 రోజులకు మళ్లీ మొదటి దశే దొరుకుతుంది. పుస్తకంలో మాత్రం నది 15 రోజులకోసారి మెల్లగా పొంగి తగ్గుతున్నట్టు కనిపిస్తుంది. అలాంటి పొంగు నదిలో లేదు, అది రీడింగు వేళ సృష్టించిన నీడ. అమావాస్య, పౌర్ణములకు పోటు ఎక్కువ, అష్టములకు తక్కువ అన్నది వేటకెళ్లే ప్రతివాడికీ తెలుసు. ఆ చక్రం కూడా ఇంతే రోజులది కావడంతో ఈ నీడ నిజమేనన్న నమ్మకం ఇంకా బలపడుతుంది. కానీ అమావాస్య ప్రభావం పోటు ఎత్తును పెంచుతుంది, పాటు లోతునూ పెంచుతుంది, సగటు మట్టాన్ని పెద్దగా మార్చదు. ఉప్పునీరు ఎంత పైకి ఎక్కుతుందో చెప్పే లెక్కలో ఈ రెండూ కలిసిపోతే సార్వా నారుమళ్లకు నీరు ఎప్పుడు తోడుకోవచ్చన్న సలహా తప్పిపోతుంది.

రోజూ ఒకే వేళకు చూడడం, మిగతా వేళల రీడింగులు ఎప్పుడూ లేకపోవడం వల్ల వచ్చిన చిక్కు ఇది. రీడింగుల సంఖ్య పెంచకుండానే, చూసే వేళను అటూఇటూ మారుస్తూ ఆ వేళను కచ్చితంగా రాస్తే, ఈ నీడ చెదిరిపోతుంది. అసమాన వేళల రీడింగుల నుంచి ఆవర్తనాలు వెతికే పద్ధతిని 1976లో లాంబ్, 1982లో స్కార్గిల్ ఖగోళశాస్త్రం కోసం తీర్చిదిద్దారు. మబ్బు పట్టిన రాత్రి నక్షత్రం కనిపించదు కాబట్టి వాళ్లకు ఖాళీలు తప్పనిసరి. గోదావరి సంగమాల దగ్గర అది యథాతథంగా పనికొస్తుంది.

ఖాళీల గురించి మాట్లాడేటప్పుడు దాదాపు ఎవరూ తలచుకోని సంగతి ఒకటుంది, అది రీడింగులు ఎక్కువవడం. మామూలు రోజుల్లో రోజుకో రీడింగు, వరదలో గంటకోటి. ఊహకు ఒక నెల తీసుకుందాం. 27 రోజులు 9 అడుగుల దగ్గర ఒక్కో రీడింగు, మూడు వరద రోజులు 15 అడుగుల దగ్గర రోజుకు 24 రీడింగులు. పుస్తకంలో ఉన్న 99 అంకెలకు సగటు కడితే 13.4 అడుగులు. ఆ నెల నిజమైన సగటు 9.6. ప్రతి రీడింగుకూ గంట, నిమిషం జోడించి, కాలం అవిచ్ఛిన్నంగా పారే మోడల్‌లో పెడితే ఈ తప్పు జరగదు. మామూలు రోజుల మిగతా 23 గంటలూ ఖాళీలే అని ఆ మోడల్‌కు తెలుస్తుంది.

 

ఇక మూడో రకం ఖాళీ. 1986 ఆగస్టులో భద్రాచలం దగ్గర గోదావరి 75.6 అడుగులకు చేరింది, ధవళేశ్వరం దగ్గర ప్రవాహం 35 లక్షల క్యూసెక్కులు దాటింది. 2022 జులైలో భద్రాచలంలో 71.3 అడుగులు. ఇలాంటి రోజుల అంకెలే ఏటిగట్ల ఎత్తును నిర్ణయిస్తాయి, ఇలాంటి రోజుల్లోనే కొలవడం అన్నిటికంటే కష్టం. ప్రవాహాన్ని కొలవాలంటే నది అడ్డంగా చాలా చోట్ల నీటి వేగం కొలిచే మీటరు దించి చూడాలి. ఆ ఉరవడిలో పడవ నిలవదు. అందుకే మట్టం చూసి, మామూలు రోజుల్లో మట్టానికీ ప్రవాహానికీ ఉన్న సంబంధాన్ని పైకి పొడిగించి చెబుతారు. దిగువ ఉపనదుల, చిన్న డ్రెయిన్ల గేజిలైతే మునిగే పోతాయి. అలాంటి చోట అత్యధిక మట్టాలే పుస్తకంలో ఉండవు. ఉన్న రీడింగులకు కాల్మన్ వడపోత పెట్టినా, ఈఎం పెట్టినా, పోయిన గంటలు మిగతా గంటల్లాంటివేనని అనుకుని అది వరద శిఖరాన్ని కోసేస్తుంది. ఆ శ్రేణి నుంచి వందేళ్లకోసారి వచ్చే వరదను లెక్కిస్తే గట్టు తక్కువ ఎత్తులో నిలుస్తుంది.

ఇక్కడ బయటి సమాచారం లేకుండా ఏ సూత్రమూ పనిచేయదు. అదృష్టవశాత్తూ డెల్టాలో అలాంటి సమాచారం ఉంది. గేజి రాయి పైకొస దాటి నీరు పోయిందని తెలిస్తే ఆ గడి ఖాళీ కాదు. ‘ఇంతకు పైనే’ అన్న సమాచారం అందులో ఉంది. ఆ రోజు సంభావ్యతలో ఒక బిందువుకు బదులు ఆ ఎత్తుకు పైనున్న మట్టాలన్నిటి వైశాల్యం, అంటే వాటన్నిటి అవకాశం మొత్తం, చేరుతుంది. గుడి గోడ మీద, బడి అరుగు మీద మిగిలిన వరద మరకకు అడుగు అటూఇటూ దోషం ఇచ్చి ఒక రీడింగుగా వాడొచ్చు. భద్రాచలం మట్టానికీ, ఒక రోజు అటూఇటూగా ఆ నీరు కిందికి దిగాక వచ్చే మట్టానికీ ఉన్న సంబంధం ఇంకో ఆసరా. దాన్ని మాత్రం జాగ్రత్తగా వాడాలి. 2021 నుంచి పోలవరం దగ్గర నది స్పిల్‌వే మీదుగా పారుతోంది. అంతకు ముందటి వరదల్లో కట్టిన సంబంధం అలాగే నిలిచి ఉందో లేదో ముందు పరీక్షించాలి.

ఇవన్నీ చేశాక కూడా కొంత ఊహ మిగులుతుంది, దాన్ని దాచకూడదు. పోయిన గంటల్లో మట్టం మోడల్ చెప్పినదానికంటే అర అడుగు ఎక్కువనుకుంటే గట్టు ఎత్తు లెక్క ఎంత మారుతుంది? అడుగు అయితే? రెండడుగులైతే? ఏ ఊహ దగ్గర నిర్ణయం తారుమారవుతుందో పట్టిక కట్టి నివేదికలో పెట్టాలి. ఒక్క అంకె చెప్పి ఊరుకునే నివేదిక కంటే ఈ పట్టిక ఇంజనీరుకు ఎక్కువ పనికొస్తుంది. రెండడుగులు ఎక్కువనుకున్నా గట్టు సరిపోతుందంటే ఖాళీ గురించి బెంగ లేదు. అరడుగుకే సరిపోకపోతే ఖర్చు పెట్టాల్సింది ముందు గేజి మీద.

ఇదే రకం ఖాళీ భీమవరం చుట్టుపక్కల రొయ్యల చెరువుల్లో చిన్న ఎత్తున రోజూ కనిపిస్తుంది. రాత్రంతా చెరువులోని జీవులన్నీ ఆక్సిజన్ పీల్చుకుంటాయి, తెల్లవారుజామున డీఓ, అంటే నీటిలో కరిగి ఉన్న ఆక్సిజన్, అట్టడుగుకు చేరుతుంది. ఆ వేళ కరెంటు పోతే నీటికి గాలి అందించే ఏరేటర్లు ఆగిపోతాయి, అదే లైను మీదున్న డీఓ మీటరూ ఆగిపోతుంది. రైతు ఫోన్‌లో వచ్చే గ్రాఫు మూడింటి దగ్గర ఆగి, కరెంటు వచ్చాక ఆరింటికి మళ్లీ మొదలవుతుంది. మధ్యలో సాఫ్ట్‌వేర్ సాఫీగా ఒక గీత గీస్తుంది. ఆ మూడు గంటల్లోనే వనామీ రొయ్యలు పైకొచ్చి నోళ్లు తెరిచి ఉండొచ్చు, గీతలో అది కనిపించదు. మీటరుకు విడిగా బ్యాటరీ పెట్టడం మొదటి మందు. అది లేని చోట కరెంటు ఎప్పుడు పోయిందో, ఎప్పుడొచ్చిందో రాసి పెట్టినా చాలా మేలు. అలాంటి రాత్రుల్లో కొన్నిసార్లయినా చేతి మీటరుతో కొలిచి ఉంటే, ఏరేటర్ ఆగాక డీఓ గంటకు ఎంత చొప్పున పడుతుందో మోడల్ విడిగా నేర్చుకుంటుంది. అప్పుడు మిగతా రాత్రుల ఖాళీలకు సాఫీ గీత అక్కర్లేదు. ఆ పడే వేగంతో, దాని దోషంతో సహా, అంచనా కిందికి దిగుతుంది.